చెమ్మ

వడగళ్ళు కొట్టిన పళ్ళకు ఎగుమతి యోగం లేదు.
షెడ్డులో బెల్టు పక్కన నిలబడి
పగలంతా వాటిని ఏరి అవతల పడేసేది నేనే,
సాయంత్రం ఐదు డాలర్లిచ్చి
డబ్బాడు కొని తెచ్చుకునేదీ నేనే.
హ్యూన్‌విల్‌లో ఏప్రిల్ అంటే అంతే,
కారు డిక్కీ నుంచి దుప్పట్ల దాకా ఆపిల్ వాసన.

డొరీన్ ఇచ్చిన మరను వంటింటి బల్లకు బిగించాను.
వాళ్ళత్త నాటిదట. పిడి తిప్పితే
తొక్క రిబ్బనులా జారి
నేల మీద చుట్టలు చుట్టుకుంటుంది.
(చుట్టలన్నీ డొరీన్ కోళ్ళకు. అది మా ఒప్పందం.)
అడ్డంగా కోసిన ప్రతి బిళ్ళలో
గింజలు కాపురమున్న అయిదు రేకుల గది.
నక్షత్రాల్ని తీసెయ్యొద్దంటుంది వాగ్దేవి.
గింజలు దులిపి, నక్షత్రాలు ఉంచాను.
కోసిన పండు క్షణం ఆగదు,
తుప్పు పట్టినట్టు ఎర్రబడుతుంది;
వెంటవెంటనే నిమ్మనీళ్ళలో ముంచి తీయాలి.

మామిడి ఒరుగులకైతే ఉప్పూ పసుపూ
నాలుగు మండుటెండలూ చాలు.
ఇక్కడి ఎండను నమ్మి జేబురుమాలు కూడా ఆరెయ్యలేం:
పదింటికి వస్తుంది,
పదకొండుకల్లా నది మీంచి ఓ మబ్బొచ్చి పిలుచుకుపోతుంది.
అందుకని కరెంటు పెట్టె. అయిదు అరలు, అరవై డిగ్రీలు.
రాత్రంతా దాని గురక.

గురక పెట్టాల్సిన మనిషి మాత్రం
గోడవైపు తిరిగి మెలకువగా ఉన్నాడు.
చేపల ఫ్యాక్టరీ వాళ్ళు ఫల్గుణను ఇక రావద్దని
ఆరు వారాలు.
అడిగితే "బాగానే ఉన్నా" అంటాడు.
అడగకపోతే అదీ అనడు.

ఒరుగు వంచితే వంగాలి, విరగకూడదు.
తుంచి నొక్కితే తడి పైకి రాకూడదు.
నమిలితే ముందు తోలు, ఆ తర్వాత తేనె.
నేను నాలుగు వంచాను. నాలుగూ వంగాయని
మిగతావాటిని నమ్మేశాను.
షిఫ్టుకు టైమైపోతోంది మరి.
చల్లారాక సీసాలకెత్తాను,
కుదపడానికి చోటుండేలా, కొంచెం వెలితిగా.
"వారం పాటు రోజూ కుదుపు" అంది డొరీన్,
"పైకి ఎండినంత మాత్రాన ఎండినట్టు కాదు.
సీసాయే చెబుతుంది."

మూడో రోజు సీసా చెప్పింది.
నాకు కాదు.
నేను లేచి వచ్చేసరికి పెట్టె మళ్ళీ తిరుగుతోంది.
ఫల్గుణ బల్ల దగ్గర కూర్చుని
ఖాళీ సీసాను లైటుకెత్తి తుడుస్తున్నాడు.
"లోపల ఆవిరి పట్టింది" అన్నాడు,
"మూత కింద, సన్న సన్న బొట్లు.
చూసీ చూడనట్టు వదిలేస్తే బూజొచ్చేది."
సరే అన్నాను.
గుడ్డను అటు మడిచాడు, ఇటు మడిచాడు.
"పొద్దున ఫ్యాక్టరీ వ్యాను హారన్ వినబడితే
చేతులు వాటంతటవే
బూట్ల కోసం వెతుకుతున్నాయి" అన్నాడు.

ఆ పూట షెడ్డుకు ఫోన్ చేసి రానని చెప్పాను.
టీ చల్లారింది, మళ్ళీ కాచాను, అదీ చల్లారింది.
ఏమేం మాట్లాడుకున్నామో చెప్పను.
పెట్టె మాత్రం మధ్యాహ్నం దాకా తిరిగింది.

ఇప్పుడు వెలుతురు తగలని అరలో తొమ్మిది సీసాలు.
పదోది వాగ్దేవి సంచిలో స్కూలుకెళ్ళి
తలో నక్షత్రంగా ఖర్చైపోయింది.
అన్నిటి మీదా నా చీటీలే, ఒక్కదాని మీద తప్ప.
చేపల పెట్టెల మీద రాసి రాసి అలవాటైన చేతితో,
తేదీ ముందు, సరుకు తర్వాత,
అతను రాశాడు:

ఏప్రిల్ 19. ఆపిల్ ఒరుగులు.
రెండోసారి ఆరబెట్టినవి.